కెర్కొరెల్ ఏ ప్రభుత్వాన్నీ కూల్చలేదు

ఆఫ్రికాన్స్ రాక్ గాయకుడు యోహానెస్ కెర్కొరెల్ గురించి ఎక్కడ విన్నా దాదాపు ఒకటే కథ. 1989లో కొంతమంది తెల్ల కుర్రాళ్ళు గిటార్లు పట్టుకుని దక్షిణాఫ్రికా అంతా తిరిగారు, ఆఫ్రికాన్స్‌లో రాక్ పాటలు పాడి ప్రభుత్వాన్ని ఎడాపెడా తిట్టారు, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మండేలా జైలు నుంచి బయటికొచ్చాడు. ఆ చివరి కామా దగ్గరే ఉంది మోసం. ఒకదాని తర్వాత ఒకటి జరిగింది కాబట్టి ఒకదాని వల్లే ఇంకొకటి జరిగిందని వినేవాడు అనుకుంటాడు, చెప్పేవాడికి కావలసిందీ అదే. నాకా కథ మొదటినుంచీ మింగుడు పడలేదు. కెర్కొరెల్ పాటలంటే నాకు పిచ్చి ఇష్టం, అయినా మింగుడు పడలేదు. ఇష్టం కాబట్టే పడలేదేమో.

ప్రాజెక్ట్ పని మీద జొహానెస్‌బర్గ్‌లో రెండేళ్ళున్నాను. మా టీమ్‌లో ఇంట్లో ఆఫ్రికాన్స్ మాట్లాడేవాళ్ళు ఇద్దరుండేవాళ్ళు. ఒకాయన ప్రిటోరియా దగ్గర పుట్టిన తెల్లాయన, నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద, 1989లో కాలేజీ కుర్రాడు. ఇంకొకాయనది కేప్ టౌన్. అక్కడి లెక్కల్లో ‘కలర్డ్’, అంటే మిశ్రమ జాతి, అని రాసే కుటుంబం. 1966లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటని తెల్లవాళ్ళ ప్రాంతంగా ప్రకటించి అరవై వేల మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు, ఆ ఖాళీ చేసిన ఇళ్ళలో వీళ్ళ తాతగారిదొకటి. ఈ ఇద్దరూ భోజనాల దగ్గర రగ్బీ గురించి కలిసి అరిచేవాళ్ళు, కెర్కొరెల్ దగ్గరికొచ్చేసరికి విడిపోయేవాళ్ళు. మొదటాయన ఫోన్‌లో పాట పెట్టి కళ్ళు మూసుకుంటే రెండో ఆయన నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: “వాళ్ళకి వాళ్ళ నాన్నల మీద కోపం. మంచిదే, ఉండాలి. దానికి నేనెందుకు చప్పట్లు కొట్టాలి?”

ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా కెర్కొరెల్‌ని పొగడకూడదని అప్పుడే అనుకున్నాను. అందుకే ఇంతకాలం రాయలేదు కూడా.

అసలు పేరు రాల్ఫ్ జాన్ రాబీ. 1960 మార్చి 27న జొహానెస్‌బర్గ్‌లో పుట్టాడు. బ్రతుకుతెరువుకి విలేఖరి. ‘డి బర్గర్’, ‘రాపోర్ట్’ అనే ఆఫ్రికాన్స్ పత్రికల్లో పనిచేశాడు. అవి రెండూ ఏలినవారి పక్కన నిలబడ్డ పత్రికలే. 1986 ప్రాంతంలో కళోత్సవాల్లో రాజకీయ వ్యంగ్యంతో చిన్న చిన్న ప్రదర్శనలు మొదలుపెట్టి, దానికో దొంగపేరు తగిలించుకున్నాడు. కెర్కొరెల్ అంటే చర్చి ఆర్గన్. ఆదివారం పూట ప్రార్థనలో మోగే పెద్ద వాయిద్యం, ఊరంతటికీ గౌరవం ఉన్న వస్తువు. ఆ పేరు పెట్టుకుని స్టేజీ ఎక్కి అధ్యక్షుణ్ణి వెక్కిరించడం మొదలెట్టాడు.

1987లో ‘రాపోర్ట్’ ఉద్యోగం తీసేసింది. కారణం, అధ్యక్షుడు పీ.డబ్ల్యూ. బోతా ప్రసంగాల్లోని మాటల్ని తన కార్యక్రమాల్లో వాడుకోవడం. దీని గురించి నేను చాలాసార్లు నవ్వుకున్నాను. ఆ మాటలు అప్పటికే అచ్చయినవి, టీవీలో వచ్చినవి, జనం తలలూపుతూ విన్నవి. వాటికి వెనక కొంచెం సంగీతం పెట్టి, కొంచెం గొంతు మార్చి, అదే జనానికి తిరిగి వినిపిస్తే నేరమైపోయింది. పత్రికలో ఉంటే వార్త, పాటలో ఉంటే ద్రోహం. అంటే ఆ మాటల్లోనే నవ్వుంది, దాన్ని ఎవరో ఒకరు పైకి తియ్యాల్సొచ్చింది, అంతే.

ఉద్యోగం పోయాక బ్యాండ్ పూర్తిస్థాయి పనైంది. దాని పేరు ‘ఖెరెఫోర్మీర్డ బ్లూస్ బ్యాండ్’. ఆ మొదటి మాట ‘సంస్కరించబడిన’ అని అర్థమిచ్చేది, వాళ్ళ చర్చి పేరులో ఉండేది. అక్కడి డచ్ రిఫార్మ్‌డ్ చర్చిని ‘ప్రార్థన చేస్తున్న నేషనల్ పార్టీ’ అని జనం ఎత్తిపొడిచేవాళ్ళు, ఏలుతున్న ఆ పార్టీకీ చర్చికీ తేడా అంత తక్కువ. బయటివాడికి బ్యాండ్ పేరు చూస్తే ఏమీ అనిపించదు. లోపలివాడికి మాత్రం గుళ్ళో చెప్పులేసుకుని తిరిగినట్టుంటుంది.

భాష సంగతి కొంచెం చెప్పాలి, అది లేకపోతే మిగతాది అర్థం కాదు.

1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ తన ఓడలకి నీళ్ళూ కూరగాయలూ అందించడానికి కేప్ దగ్గర ఒక మజిలీ పెట్టింది. అక్కడ పనిచెయ్యడానికి మడగాస్కర్, మొజాంబిక్, ఇండోనేషియా దీవులు, బెంగాల్, మలబార్, కోరమాండల్ తీరం నుంచి బానిసల్ని తెచ్చింది. ఈ కోరమాండల్ అంటే ఎక్కడో కాదు. మచిలీపట్నంలో, పులికాట్‌లో డచ్చివాళ్ళ కోఠీలుండేవి. ‘పలియాకట్టా కాతరీనా’ అని రికార్డులకెక్కిన ఒక బానిస స్త్రీ 1650లలోనే కేప్ చేరింది. పలియాకట్టా అంటే మన నెల్లూరు పక్కనున్న పులికాట్. ఆవిడ ఏ భాషలో ఏడ్చిందో ఎవరూ రాసిపెట్టలేదు. ఇలా వచ్చినవాళ్ళూ, అక్కడే పుట్టిపెరిగిన ఖోయ్ జనమూ, డచ్చి యజమానులూ వంటింట్లో పొలంలో ఒకరితో ఒకరు మాట్లాడుకోగా మాట్లాడుకోగా డచ్ అరిగి, వంగి, కొత్త భాషైంది. అరటిపండుకి వాళ్ళు వాడే ‘పిసాంగ్’ మలయ్ మాట. ‘చాలా’ అనడానికి రోజుకి వందసార్లు వాడే ‘బాయ’ కూడా మలయ్ నుంచి వచ్చిందే. ఈ భాషలో తొలినాళ్ళ రాతల్లో కొన్ని అరబిక్ లిపిలో ఉన్నాయి, కేప్‌లోని ముస్లింలు తమ మతబోధ కోసం రాసుకున్నవి. పెద్దమనుషులు చాలాకాలం దీన్ని ‘కొంబెయ్స్‌తాల్’, అంటే వంటింటి భాష, అని చీదరించుకున్నారు.

తర్వాత ఆ వంటింటి భాషనే తెల్ల జాతీయవాదులు ముందుగదిలోకి తెచ్చి, స్నానం చేయించి, కోటు తొడిగి, పుట్టుక సంగతి ఎక్కడా ఎత్తకుండా తమ జాతి చిహ్నం చేసుకున్నారు. 1925లో డచ్ సరసన అధికార భాషగా గుర్తింపొచ్చింది, 1933లో పూర్తి బైబిల్ వచ్చింది, 1948లో నేషనల్ పార్టీ గెలిచింది. 1976 జూన్ 16న జొహానెస్‌బర్గ్ పక్కనున్న నల్లవాళ్ళ పేట సొవెటోలో పిల్లలు వీధిలోకొచ్చింది ఈ భాషలో పాఠాలు బలవంతంగా రుద్దినందుకే, తూటాలకెదురైంది అందుకే. అక్కణ్ణుంచి బయట ప్రపంచానికి ఆఫ్రికాన్స్ అంటే పోలీసు గద్దింపు, నల్లవాళ్ళు ఎప్పుడూ వెంట పెట్టుకు తిరగాల్సిన పాస్ బుక్కు మీద రాత. ఇంట్లో ఆ భాష మాట్లాడేవాళ్ళలో సగానికి పైగా తెల్లవాళ్ళు కారన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. 2011 జనాభా లెక్కల్లో దీన్ని ఇంటిభాషగా చెప్పుకున్నవాళ్ళు 68 లక్షల మంది పైచిలుకు. మా కేప్ టౌన్ ఆయన అందులో ఒకడు. “వాళ్ళు నా భాషని దొంగిలించి, దాంతోనే నన్ను కొట్టారు” అనేవాడు.

ఇప్పుడు కెర్కొరెల్ దగ్గరికి రండి. ఆ రోజుల్లో రేడియోలో వచ్చే ఆఫ్రికాన్స్ పాట అంటే సముద్రతీరం, చందమామ, అమ్మాయి. కొంచెం మంచి పాటలు లేవని కాదు, డెబ్భైలలో మనసుపెట్టి వినాల్సిన నెమ్మది పాటల ఒరవడి ఒకటి వచ్చింది, అందులో చక్కని కవిత్వముంది. కానీ అధ్యక్షుడి పేరు పెట్టి తిట్టిన పాట లేదు. బోతాని జనం చాటుగా ‘పెద్ద మొసలి’ అనేవాళ్ళు, టీవీలో వేలు ఆడిస్తూ బెదిరించేవాడు. ఆ దేశానికి టీవీ వచ్చిందే 1976 జనవరిలో. పిల్లలు చెడిపోతారని, బయటి ఊహలు లోపలికొస్తాయని ప్రభుత్వం అంతకాలం ఆపింది. తీరా వచ్చాక అది పూర్తిగా వాళ్ళ చేతిలోనే ఉంది. ‘సిత్ దిత్ ఆఫ్’, అంటే ‘ఆపెయ్ దాన్ని’, అనే కెర్కొరెల్ పాటలో ఉన్నది ఇంతే: ఒకడు సోఫాలో కూర్చుని టీవీ పెడతాడు, అందులో బోతా మొహం. నరకయాతన, ఆపెయ్యండి బాబూ అని గోల. ఇందులో విప్లవం లేదు, తిరుగుబాటుకి పిలుపు లేదు. స్విచ్ కట్టెయ్యమంటున్నాడు. ఏ ఇంట్లోవాడికైనా చేతనైన పని. ఆ పాట అంత గుచ్చుకోవడానికి కారణం అదేనని నా నమ్మకం. ఇంగ్లీషులో అప్పటికే ఎన్నో నిరసన పాటలున్నాయి, బోతాకి అవి బయటి శత్రువుల అరుపులు, వాటికి జవాబు సిద్ధంగా ఉంది. సొంత ఇంటి సోఫాలోంచి సొంత భాషలో ‘విసుగ్గా ఉంది, పో’ అన్న కుర్రాడికి ఆయన దగ్గర జవాబు లేదు.

1989లో ‘ఈట్ క్రీఫ్’ ఆల్బమ్ వచ్చింది. రొయ్యకి పెద్దన్నలాంటి క్రేఫిష్‌ని తిను అని అర్థం. ‘షిఫ్టీ’ అనే చిన్న స్వతంత్ర కంపెనీ తెచ్చింది, ఒక క్యారవాన్‌లో పెట్టిన స్టూడియోతో మొదలైన కంపెనీ అది. ఆ ఆల్బమ్‌లో ‘ఒసెవా’ అనే పాట ఉంది. ఒసెవా అంటే ఎద్దుల బండి. 1830లలో వీళ్ళ పూర్వీకులు బ్రిటిష్‌వాళ్ళ కింద ఉండలేక బండ్లు కట్టుకుని లోపలి దేశంలోకి వలసపోయారు, ఆ బండే వాళ్ళ జాతికి పవిత్ర చిహ్నం. వందేళ్ళయిందని 1938లో బండ్లు కట్టి ఊరేగారు, 1949లో ప్రిటోరియాలో దానికో మహా స్మారకం ప్రారంభించారు. కెర్కొరెల్ ఆ బండికి ఇంజనూ పాటల డెక్కూ పెట్టి షికారుకి తీసుకెళ్ళాడు. ఎంత గంభీరమైన విగ్రహమైనా ఒకసారి నవ్వొచ్చాక మళ్ళీ పాత భక్తితో చూడటం కష్టం.

అదే ఏడాది జరిగిందే ‘ఫూఎల్‌ఫ్రేయ్’ యాత్ర. ఆ మాటకి రెండర్థాలు. పక్షిలా స్వేచ్ఛగా అని ఒకటి, చట్టం కాపాడనివాడు, ఎవరైనా చంపెయ్యొచ్చు అని పాత చట్టభాషలో రెండోది. కెర్కొరెల్‌తో పాటు కూస్ కొంబెయ్స్ ఉన్నాడు, అసలు పేరు ఆంద్రే ల రూ డు టోయ్, ఆంద్రే లెటొయిట్ అనే పేరుతో నవలలూ కవితలూ రాసేవాడు. ఇంటిపేరు స్థానంలో ‘వంటిల్లు’ అని పెట్టుకున్నాడు, ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. బెర్నోల్డస్ నీమాంద్ ఉన్నాడు, అంటే ‘ఎవడూకాదు’, అసలు పేరు జేమ్స్ ఫిలిప్స్. మాక్స్ డు ప్రీజ్ సంపాదకత్వంలో అంతకు ముందేడు మొదలైన ‘ఫ్రేయ వీక్‌బ్లాత్’ పత్రిక అండగా నిలిచింది. స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయం తమ ఆవరణలో పాడటానికి వీల్లేదంది, విద్యార్థులు ఊరేగింపు తీశారు. ఇంకా కొన్ని క్యాంపస్‌లూ తలుపులు మూశాయి. ప్రభుత్వ రేడియో సరేసరి. అప్పట్లో వాళ్ళ లైబ్రరీల్లో నచ్చని పాటుంటే రికార్డు మీద ఆ పాటున్న గీతల్ని మొనదేలిన వస్తువుతో గీకేసేవాళ్ళు, పొరపాటున కూడా ఎవరూ వెయ్యకుండా. ఆ శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది.

మరి దీని వల్ల ఏం జరిగింది? అపార్ట్‌హైడ్, అంటే ఆ వర్ణవివక్ష పాలన, కూలింది దీని వల్ల కాదు. టౌన్‌షిప్పులనే నల్లవాళ్ళ పేటల్లో ఏళ్ళ తరబడి చచ్చినవాళ్ళ వల్ల, సమ్మెలు చేసిన గని కార్మికుల వల్ల, ఆంక్షల వల్ల, అప్పులిచ్చేవాళ్ళు చేతులెత్తెయ్యడం వల్ల, అంగోలా యుద్ధం ఖర్చు వల్ల, సోవియట్ కథ ముగియడం వల్ల. బోతాకి 1989 జనవరిలో పక్షవాతం వచ్చింది, ఆగస్టులో దిగిపోయాడు. దిగిపొమ్మని వెనకుండి తోసింది సొంత మంత్రులే గాని రాక్ బ్యాండ్ కాదు. ఆ పాటలు విన్నవాళ్ళు ఎక్కువమంది కాలేజీల్లో చదివే తెల్లపిల్లలు, మర్నాడు ఇంటికెళ్ళి పనిమనిషి చేసిన భోజనం తిన్నవాళ్ళు. మా కేప్ టౌన్ ఆయన మాట నూటికి నూరుపాళ్ళూ నిజం.

నిజమే గాని అక్కడితో అయిపోలేదు. ఎందుకంటే కెర్కొరెల్ చప్పట్లు అడిగింది ఆయన్ని కాదు. పాడింది ఆయన కోసం కాదు. ఆ మగపిల్లలకి పదిహేడు, పద్ధెనిమిది రాగానే సైన్యంలో రెండేళ్ళు తప్పనిసరి సేవ ఉండేది. వెళ్ళను అంటే జైలు, లేకపోతే దేశం వదిలిపోవాలి. సైన్యంలో చేరొద్దని ప్రచారం చేసిన సంస్థ మీద 1988లో ఆంక్షలు పెట్టి నోరు మూయించారు. చర్చి ఒప్పన్నది, బడి ఒప్పన్నది, నాన్న ఒప్పన్నాడు, రేడియో ఒప్పన్నది, అన్నీ ఒకే భాషలో. ఆ భాషలో ‘తప్పు’ అన్న మాట ఒక్కసారైనా వినబడాలి కదా, వాళ్ళ సొంత యాసలో, వాళ్ళ బూతులతో. ఆ పని ఆంగ్ల ఉదారవాదులు చెయ్యలేరు, నల్లజాతి ఉద్యమం చెయ్యనక్కర్లేదు, దానికి అంతకన్నా పెద్ద పనులున్నాయి. తన ఇంటి మురికి తానే కడగడం వీరత్వం కాదు, కడగాల్సిన పని. దాన్ని వీరగాథ చేసి డాక్యుమెంటరీల్లో అమ్ముకోవడం దగ్గరే నాకు పేచీ.

ఇంకో పేచీ ఉంది. ఈ యాత్ర కథ ఆయన్ని మింగేసింది. నన్నడిగితే కెర్కొరెల్ గొప్పతనం బోతా పాటల్లో కన్నా ‘హిల్‌బ్రో’లో ఉంది. హిల్‌బ్రో జొహానెస్‌బర్గ్ నడిబొడ్డున ఆకాశానికంటిన ఫ్లాట్ల పేట. ఎవరు ఎక్కడ ఉండాలో రంగుని బట్టి తేల్చిన 1950 నాటి చట్టం అమల్లో ఉండగానే, ఎనభైలలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఇండియన్లూ స్వలింగ ప్రేమికులూ తాగుబోతులూ విద్యార్థులూ అక్కడ ఒకే లిఫ్టులో ఎక్కి దిగారు. అద్దె దొరికితే చాలు, చట్టాన్ని ఇంటాయనా పట్టించుకోలేదు. కెర్కొరెల్ పల్లవి ఏమిటంటే ‘నీ హృదయం హిల్‌బ్రోకివ్వు’. మామూలు తెలుగులో ఇలా పెడితే చప్పగా ఉంది కదూ. అక్కడి జనానికి అది వినగానే ‘నీ హృదయం యేసుకివ్వు’ అనే సువార్త కేక వినబడుతుంది. చాలా రోజులు దీన్ని తెలుగు చెయ్యలేక వదిలేశాను. తర్వాత ఒకసారి మా ఊరి చర్చి గోడ మీద సామెతల గ్రంథం వాక్యం చూశాను: ‘నా కుమారుడా, నీ హృదయమును నాకిమ్ము’. అంతే, దొరికింది. ‘నీ హృదయమును హిల్‌బ్రోకిమ్ము’! ఆ ‘ఇమ్ము’లోనే ఉంది మజా అంతా. వెక్కిరింతలా మొదలై, రెండోసారి పాడేసరికి నిజంగానే ప్రార్థనైపోతుంది. దేవుడికివ్వమన్న హృదయాన్ని మురికి పేటకి ఇమ్మంటున్నాడు, మనసారా అంటున్నాడు.

అక్కడ నాకు విలేఖరి కనిపిస్తాడు, కవి కూడా. తిట్టేటప్పుడు ఎవరైనా పదునుగా ఉంటారు. ప్రేమించేటప్పుడు పదును పోకుండా ఉండటం కష్టం. 1992లో ‘బ్లౌడ్రుక్’, 1994లో ‘సయనైడ్ ఇన్ డి బీఫ్‌కేక్’ ఆల్బమ్‌లు వచ్చాయి, అప్పటికి వెక్కిరించాల్సిన మొసలి లేదు. గొంతు తగ్గింది, పియానో ముందుకొచ్చింది. ‘హలాలా ఆఫ్రికా’ బెల్జియంలో, నెదర్లాండ్స్‌లో బాగా నడిచింది. డచ్ వచ్చినవాళ్ళకి ఆఫ్రికాన్స్ కొంచెం చెవి ఒగ్గితే అర్థమవుతుంది కాబట్టి ఒక దశలో సొంతూళ్ళో కన్నా అక్కడే ఎక్కువ ఆదరణ. ‘హలాలా’ జూలూ వాళ్ళ సంబరపు కేక. ఎద్దుల బండిని వెక్కిరించినవాడు ఆ కేకని ఆఫ్రికాన్స్ పల్లవిలో కూర్చోబెట్టాడు. నాకు దీని మీద పూర్తి నమ్మకం లేదు, కొంచెం తీపెక్కువైందనిపిస్తుంది. మా కేప్ టౌన్ ఆయనకి మాత్రం కెర్కొరెల్ పాటల్లో నచ్చినదల్లా ఇదొక్కటే. ఆయనకి తీపనిపించలేదు. వాదించలేదు నేను.

2002 నవంబర్ 12న, కేప్ టౌన్‌కి తూర్పున సముద్రం ఒడ్డునున్న క్లైన్‌మండ్ దగ్గర, ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. నలభై రెండేళ్ళు. స్వలింగ ప్రేమికుడని దాచుకోకుండా బతికిన మనిషి, ఓ కొడుక్కి తండ్రి. చనిపోయాక పాటలన్నిటినీ తిరగేసి ‘చూశారా, ఇక్కడే చెప్పాడు’ అని చీకటి వెతికేవాళ్ళు బయల్దేరారు. నాకది చిరాకు. ‘ఒసెవా’ పాడేటప్పుడు ఆయన గొంతులో ఉన్నది తుళ్ళింత, దాన్ని వెనక్కెళ్ళి ఏడుపు చెయ్యడం అన్యాయం.

మొదటాయన, ప్రిటోరియా ఆయన, ఒకసారి ఇంటికి భోజనానికి పిలిచి పాత క్యాసెట్ చూపించాడు. స్నేహితుడి దగ్గర రికార్డు చేయించుకున్నది, కవర్ లేదు, అంచు మీద పెన్సిల్‌తో ‘కెర్కొరెల్’ అని మాత్రం రాసుంది. 1989లో వాళ్ళమ్మ దాన్ని గది సర్దుతూ చూసి, అబ్బాయికి ఆర్గన్ సంగీతం మీద ఆసక్తి పుట్టిందని సంతోషించి, తన కీర్తనల క్యాసెట్ల పక్కన పెట్టిందట. ఒక ఆదివారం చర్చి నుంచొచ్చాక, వాళ్ళ నాన్న బయట మాంసం కాల్చే బ్రాయ్ పొయ్యి రాజేస్తుంటే, ఆవిడ అది టేప్‌రికార్డర్‌లో పెట్టింది. ఈయన మెట్ల మీద బిగుసుకుపోయి నిలబడ్డాడు. బోతా పాట మొదటినుంచి చివరిదాకా నడిచింది. ఆవిడ ఆపలేదు. పాట అయ్యాక క్యాసెట్ తీసి, మళ్ళీ ఆ కీర్తనల మధ్యే పెట్టి, బంగాళాదుంపలు ఒలవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదట. ఆ తర్వాత చాలాకాలం ఆ క్యాసెట్ అక్కడే ఉంది.